ఒక జతలో రెండు నడకలు

“ఈ చెప్పుల్లో ఇద్దరు మనుషులు నడుస్తాండారు పెద్దాయనా” అని డాక్టర్ మధులత చెప్పగానే, మూడేళ్లుగా ఇంట్లో ఒక్కడే ఉంటున్న అబ్దుల్ కరీం ఒళ్లు చల్లబడింది.

అంతకు గంట ముందు వరకు అది మామూలు మంగళవారం. కోడుమూరులో పొద్దున్నే బస్సెక్కి కర్నూలులో దిగాడు. ఆటోవాడికి చీటీ చూపించి, పాదాల, కీళ్ల క్లినిక్ అని బోర్డున్న మేడ ముందు దిగాడు. కరీంకు అరవై మూడేళ్లు. దర్జీ. నలభై ఒక్క ఏళ్లుగా ఒకే కుట్టుమిషన్, ఒకే ఫుట్‌పెడల్. రంజాన్ దాటినప్పటి నుంచి కుడి చీలమండ నొప్పి. మొదట్లో సాయంత్రాలు మాత్రమే. తర్వాత పొద్దున్నే పెడల్ మీద కాలు పెట్టగానే.

ఆయన భయం ఒక్కటే. కాలు మొరాయిస్తే మిషన్ ఆగుతుంది. మిషన్ ఆగితే అంగడి మూయాలి. అంగడి మూస్తే ఆయనతో మాట్లాడే మనిషి ఉండడు. భార్య గుల్షన్ బీ పోయాక ఇంట్లో మాట అనేదే లేదు. కొలతలకు వచ్చేవాళ్లు రోజుకు ముగ్గురో నలుగురో. ‘నడుం దగ్గర కాస్త వదులు పెట్టు మామా’ అని ఎవరైనా అంటే ఆ రోజుకు అదే కబురు.

క్లినిక్ నుంచి వారం ముందు ఫోన్ చేసిన అమ్మాయి చాలాసేపు మాట్లాడింది. రోజూ వేసుకునే చెప్పులతోనే రావాలట. కొత్తవి వద్దు. కడగొద్దు, పాలిష్ వేయొద్దు. మోకాలి దాకా మడవడానికి వీలుగా వదులు ప్యాంటు వేసుకోవాలి. వాడే మాత్రలన్నీ సంచిలో తేవాలి. నొప్పి ఏయే రోజుల్లో వచ్చిందో గుర్తుంటే రాసుకురావాలి. ఫోన్ పెట్టేశాక కరీం గడియారం చూశాడు. ఏడు నిమిషాలు. ఆ నెలలో ఆయనతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

డాక్టర్ మధులతకు ముప్పై ఐదేళ్లుంటాయి. రాజంపేట మనిషి. బల్ల వెనక కూర్చోకుండా చిన్న స్టూలు లాక్కొని ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. కరీం కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“పైన కూర్చోమ్మా. కాళ్లకాడ కూర్చుంటే నాకు బాగుండదు.”

“కాళ్లు ఈడ ఉండాయి కదా. పైన కూర్చొని ఏం చేయాల?” అందామె. “ఒక్క వేలితో చూపించండి. యాడ నొప్పి?”

కరీం చీలమండ బయటివైపు చూపించాడు. ఆమె ప్రశ్నలు వరసగా వచ్చాయి. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోతాయా? పోతే ఎంతసేపటికి వదులవుతాయి? వాచిందా? ఎర్రబడిందా? పాత దెబ్బలున్నాయా? షుగర్ ఉందా? రోజుకు ఎన్ని గంటలు పెడల్ తొక్కుతారు? చేతివేళ్ల కీళ్లు నొస్తాయా? ఇంట్లో ఎవరికైనా వాతం ఉందా?

“కాలు చూస్తారనుకుంటే పోలీసుల మాదిరి అడుగుతాండావు.”

“సగం జబ్బు కాలు చెప్పదు పెద్దాయనా. మనిషి చెప్తాడు. కాకపోతే మనిషి అబద్ధాలు కూడా చెప్తాడు. కాలు చెప్పదు.”

కరీం ప్యాంటు అంచు మోకాలి దాకా మడిచాడు.

ఆమె ఆయన కుడి పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. చేతి వెనకవైపుతో చీలమండ తాకి చూసింది, వేడి ఉందేమోనని. తర్వాత ఎడమది. రెండూ ఒకే రకంగా ఉన్నాయి. పాదం మీద ఒకచోట, చీలమండ ఎముక వెనక ఒకచోట వేలు పెట్టి నాడి చూసింది. గోళ్లు, వేళ్ల సందులు, మడమ పగుళ్లు అన్నీ చూసింది. కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా గుచ్చి, తగిలినప్పుడల్లా చెప్పమంది. ప్రతిసారీ చెప్పాడు. చివర్లో ఒకసారి ఆమె గుచ్చకుండానే ‘తగిలింది’ అన్నాడు.

“నేనింకా గుచ్చల్యా” అందామె నవ్వుతూ.

కరీం కళ్లు మూసుకునే ఉన్నాడు. గుల్షన్ బీ పోయాక తన ఒంటిని మరో మనిషి చెయ్యి తాకడం అదే మొదటిసారి. ఆ మాట ఎవరికి చెప్పుకుంటాడు.

తర్వాత ఆమె కీళ్లు ఒక్కొక్కటే కదిపింది. బొటనవేలిని పైకి, కిందికి. చీలమండను ముందుకు, వెనక్కు, పక్కలకు. పాదాన్ని లోపలికి తిప్పినప్పుడు మాత్రం కరీం పళ్లు బిగించాడు. లేచి నిలబడమంది. మునివేళ్ల మీద లేవమంది. ఒంటికాలి మీద నిలబడమంది. నల్ల సిరాలో తడిపిన స్పాంజి మీద పాదం పెట్టించి, తెల్లకాగితం మీద అడుగు వేయించింది. ఆ తర్వాత వరండాలో ఆరుసార్లు అటూ ఇటూ నడిపించి, వెనకనుంచి ఫోన్‌లో వీడియో తీసింది.

“కీలు అరగలేదు” అందామె వీడియో చూస్తూ. “ఎముక గట్టిగానే ఉంది. పక్కనున్న నరాలు, కండరాలు మాత్రం రోజూ లాగుతాండాయి. ఎవురో మీ కాలిని బయటికి వంచుతున్నట్టు.”

“పెడల్ తొక్కొద్దంటావా?”

“ఇంకా ఏమీ అనలేదు. నొప్పి రోజులు రాసుకురమ్మంటిమి కదా?”

కరీం సంచిలోంచి క్యాలెండర్ కాగితాలు తీశాడు. ఎనిమిది నెలలవి, చుట్టచుట్టినవి. నొప్పి వచ్చిన ప్రతి రోజుకూ అప్పటికప్పుడే గుడ్డ మీద గీసే సుద్దతో నీలం గీత పెట్టుకుంటూ వచ్చాడు. ఆమె వాటిని నేల మీద పరిచింది. వంగి చూసింది. మొదటి కాగితం, రెండోది, మూడోది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

ఒక వారం నిండా గీతలు. తర్వాతి వారం ఖాళీ. మళ్లీ నిండా. మళ్లీ ఖాళీ. ఎనిమిది నెలలూ అంతే. మారేది ఎప్పుడూ శుక్రవారం సాయంత్రమే.

“కీళ్ల నొప్పి సెలవు పెట్టదు పెద్దాయనా” అందామె మెల్లగా. “మీ చెప్పులు ఇటివ్వండి.”

బొటనవేలికి ఉంగరం పట్టీ ఉన్న ముదురు గోధుమరంగు తోలు చెప్పులు అవి. ఆమె వాటిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పి చూసింది. ఇందాక కాగితం మీద పడిన పాదముద్రను పక్కన పెట్టుకుంది. అప్పుడే ఆ మాట అన్నది.

ఇద్దరు మనుషులు.

“యాడైనా పొరపాటు పడినావేమో చూడమ్మా” అన్నాడు కరీం.

“చూడండి. తోలు మీద బొటనవేలి గుంట రెండుచోట్ల పడింది. ఈ లోపలిది మీది, కాగితంతో సరిపోతాంది. ఈ బయటిది మీది కాదు. మడమ చూడండి. మీరు నడిస్తే లోపలి అంచు అరగాల. ఇది బయటి అంచు అరిగింది, రూపాయి బిళ్ల పెట్టేంత. ముందర కొన నేలకు రాసుకొని తోలు లేచింది. అంటే ఆ మనిషి కుడికాలు ఎత్తలేడు, ఈడుస్తాడు. ఒరిగి నడుస్తాడు. ఆయన అరగదీసిన వాలు మీద మీరు వారం విడిచి వారం నడుస్తాండారు. అదే మీ నొప్పి.”

ఆమె మళ్లీ క్యాలెండర్ కాగితాల వైపు చూసింది.

“శుక్రవారం యాడికి పోతారు?”

“జుమ్మాకు. మిగతా నమాజులన్నీ అంగట్లోనే చేసుకుంటా.”

“చెప్పులు?”

“మసీదు మెట్ల మీద. మూడో మెట్టు, కుడి కొస. చిన్నప్పటినుంచీ ఆడనే.”

“దొంగయితే ఒక్కసారి ఎత్తుకపోతాడు. వారం వారం తిరిగి తెచ్చిపెట్టే దొంగను నేను చూడల్యా. ఎవురో మీకు తెలుసా?”

“తెలీదు” అన్నాడు కరీం.

కుడికాలు ఈడ్చే మనిషి. ఒరిగి నడిచే మనిషి. కరీంకు తెలుసు.

ఆమె చీటీ రాసింది. కొత్త చెప్పులు, మడమ దగ్గర గట్టిగా ఉండేవి. రోజుకు రెండుసార్లు చేయాల్సిన కాలి కసరత్తు. అరగంటకోసారి పెడల్ మీంచి లేవాలి. ఆరు వారాల తర్వాత మళ్లీ రావాలి. మిషన్ ఆపాల్సిన పని లేదు. కరీం ఊపిరి వదిలాడు.

“ఇంకొక మాట” అందామె గుమ్మం దగ్గర. “ఆ రెండో మనిషిని కూడా పిల్చుకరండి. మీ కాలు బాగుంటాది. భయమంతా నాకు ఆయన కాలు గురించే. ఇట్లనే ఈడిస్తే మోకాలు పోతాది, తర్వాత తుంటి. ఆయనకు ఇంట్లో ఎవురూ లేరా?”

“లేరు” అన్నాడు కరీం. తెలీదన్న మనిషి గురించి అంత గట్టిగా చెప్పినందుకు నాలుక కరుచుకున్నాడు. ఆమె విననట్టే ఊరుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట కోత అయిపోయిన శనగ చేలు, ఎండ. కరీం చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కనున్న ఆడమనిషి విడ్డూరంగా చూసి కొంచెం జరిగింది.

కోడుమూరులో దిగాక ఇంటికి పోలేదు. సుందరం చెప్పుల అంగడికి పోయాడు.

“ఏమప్పా కరీము, అప్పుడే అరిగినాయా?” అన్నాడు సుందరం.

“ఈ రకం ఊర్లో ఎంతమంది కొంటారు?”

“దీన్ని ఇద్దరే కొంటారు. వేలికి ఉంగరమున్న చెప్పు ఎవురేసుకుంటారు ఈ కాలంలో? మీ ఇద్దరి కోసమే తెప్పిస్తాండా.” సుందరం గుడ్డతో దుమ్ము దులుపుతూ చెప్పుకుపోయాడు. “ముందు ఇద్దరూ కలిసొచ్చేటోళ్లు. రంజాన్‌కు వారం ముందర. జతకు జత, బేరం ఒకటే, సైజు ఎనిమిదే. ఇప్పుడు నువ్వు వచ్చిపోయినాక రెండోరోజు వస్తాడు ఆయన. ‘కరీము ఏం తీసుకున్నాడు’ అంటాడు. చూపిస్తా. ‘అదే ఇయ్యి’ అంటాడు. మూడేండ్లాయ. నేనెందుకు చెప్పాల అని గమ్మునుండా.”

“పేరు చెప్పు.”

“నీకు తెల్వదా? అయాజ్ బాషా.”

ఆ పేరు మూడేళ్లుగా కరీం ముందు ఎవరూ ఎత్తలేదు.

అయాజ్ వైర్‌మన్. ఒకే వీధిలో పుట్టారు, ఒకే బల్ల మీద చదివారు. పెళ్లి మాత్రం అయాజ్ చేసుకోలేదు. రోజూ సాయంత్రం కరీం అంగట్లో కూర్చొని, గుల్షన్ బీ పంపిన టీ తాగి, కరీం కుట్టిన కాలర్లకు వంకలు పెట్టేవాడు. మూడేళ్ల కింద రంజాన్ నెలలో అంగడికి కొత్త బోర్డు పెట్టించాడు కరీం. దాని మీద లైటు బిగించడానికి అయాజ్ నిచ్చెన ఎక్కాడు. నిచ్చెన జారింది. కుడి చీలమండ రెండు ముక్కలైంది.

ఆసుపత్రి వరండాలో పదిమంది అడిగారు, ఎట్లా జరిగిందని. ‘నేను నిచ్చెన పట్టుకునే ఉండా. వాడే కాలు తప్పినాడు’ అన్నాడు కరీం. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద అయాజ్ విన్నాడు. ఏమీ అనలేదు. ఆ తర్వాత కరీంతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ మాట ఊరంతా తిరిగింది. కాలు తప్పే వైర్‌మన్‌ను ఎవరు పిలుస్తారు? కొత్త ఇళ్ల పనులు కుర్ర వైర్‌మన్లకు పోయాయి. అయాజ్ ఇంట్లో కూర్చొని పాడైన ఫ్యాన్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఆ ఏడాదే గుల్షన్ బీ పోయింది. ఆమెను మట్టి చేసిన రోజు ఖబరస్తాన్ గేటు బయట కర్ర పట్టుకొని అయాజ్ నిలబడి ఉండటం కరీం చూశాడు. పిలవాలనుకున్నాడు. పిలిస్తే ముందు వేరే మాట ఒకటి చెప్పాల్సి వస్తుంది. తల తిప్పుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. కరీం అవే చెప్పులు వేసుకొని, మూడో మెట్టు మీద కుడి కొసన విడిచి లోపలికి పోయాడు. ఎప్పుడూ ముందు వరసలో నిలబడేవాడు ఆ రోజు తలుపు పక్కన నిలబడ్డాడు. అయాజ్ వెనక కుర్చీలో కూర్చొని నమాజు చేస్తాడు. జనం తోసుకోకముందే అందరికంటే ముందు లేచిపోతాడు. ఇమాం సలాం తిప్పి నమాజు ముగించగానే కరీం బయటపడ్డాడు.

మెట్ల మీద నలభై యాభై జతలు. ఎడమ కొసన, అయాజ్ విడిచిన చోట, తన అసలు చెప్పులు కనిపించాయి. మడమలు సమంగా ఉన్నాయి. వాటిని తెచ్చి కుడి కొసనున్న జత పక్కన పెట్టాడు. రెండు జతల పక్కన మూడో మెట్టు మీద కూర్చున్నాడు.

కర్ర చప్పుడు వినిపించింది. ఆగింది.

“ఎన్ని వారాలాయ?” అన్నాడు కరీం, వెనక్కి తిరగకుండా.

“లెక్క పెట్టల్యా.”

“పెట్టింటావు.”

కర్ర కొన మెట్టు మీద రెండుసార్లు తట్టింది.

“ముప్పై రెండు” అన్నాడు అయాజ్.

“కూచో.”

“కూచుంటే లేయలేను.”

“నేను లేపుతాలే. కూచో.”

అయాజ్ కర్ర ఆనించి, రెయిలింగ్ పట్టుకొని మెల్లగా కూర్చున్నాడు. గడ్డం బాగా నెరిసింది. చొక్కా కాలర్ మడత తప్పుగా ఉంది, ఎవరో పరాయి దర్జీ కుట్టింది. కరీం చెయ్యి దాన్ని సర్దడానికి లేచి, మధ్యలో ఆగిపోయింది.

“మొదటి వారం తెలీక జరిగింది” అన్నాడు అయాజ్, చెప్పుల వైపు చూస్తూ. “ఆ పొద్దు ఎడం పక్క జాగా ల్యాక, నీ చెప్పుల పక్కనే ఇడిసినా. మలుపుకాడికి పోతానే తెలిసిపాయ. కాలు నేరుగా పడతాండాది. ఇది కరీముగాడిది అనుకున్నా. పొద్దు గూకేలోపల వస్తావనుకున్నా. ‘ఒరే గుడ్డోడా, నా చెప్పులు ఇయ్యి’ అని తిట్టుకుంటా వస్తావని. టీకి నీళ్లు కూడా పెట్టినా. నువ్వు రాల్యా.”

“నేను చూసుకోల్యా రా.”

“అదే తెలిసింది నాక్కూడా. మళ్ల వారం నేనే మార్చినా. ఆ మళ్ల వారం కూడా. ఈసారి చూసుకుంటాడు, ఈసారి వస్తాడు అని.” అయాజ్ గొంతు సవరించుకున్నాడు. “నువ్వు కుంటడం మొదలుపెట్టినావు. కిటికీలోంచి చూసినా. ఆపేయాల్సింది. ఆపల్యా. వాడిక్కూడా తెలియనీ అనుకున్నా, నా చెప్పులో నడిస్తే ఎట్లుంటాదో. అంత చెడ్డోన్నే నేను. అయితే నీ చెప్పులు నాకాడ ఉన్న వారం మాత్రం ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నట్టుండేది. వేసుకోకుండా తలుపు పక్కన పెట్టి, దాని పక్క చూస్తా అన్నం తినేటోన్ని.”

లోపల నమాజు తర్వాతి దుఆ కూడా అయిపోయింది. జనం లేస్తున్న చప్పుడు.

“కర్నూల్లో ఒక డాక్టరమ్మ ఉంది” అన్నాడు కరీం. “నీ చెప్పు చూసి నీ నడకంతా చెప్పింది. నిన్ను పిల్చుకరమ్మనింది. మంగళవారం పోదాం.”

“నేను నీతో యాడికీ రాను.”

“ఏంటికి?”

“నీకు తెలీదా?”

కరీంకు తెలుసు. మూడేళ్లుగా తెలుసు. అయాజ్ అడుగుతున్నది చెప్పులూ కాదు, డాక్టరూ కాదు. ఈ మెట్ల మీంచి ఈసారి అయాజ్ ఒంటరిగా లేచిపోతే మరో శుక్రవారం ఉండదు.

తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి. ముందుగా బయటికొచ్చినవాళ్లు ఆగిపోయారు. ఆ ఇద్దరినీ ఒకే మెట్టు మీద చూసి మూడేళ్లయింది. వెనక ఎవరో “జరగండప్పా, ఎండలో చెప్పులు కాలతాండాయి” అన్నారు. ఎవరూ జరగలేదు.

కరీం రెయిలింగ్ పట్టుకొని లేచాడు. అయాజ్ వైపు చూడలేదు. మెట్ల పైన నిండిపోయిన జనం వైపు తిరిగాడు.

“అందరూ ఉండారు కదా, వినండి. వీడు కాలు తప్పల్యా. ఆ పొద్దు నిచ్చెన పట్టుకోవాల్సింది నేను. రంజాన్ జుబ్బా కోసం గిరాకీ ఒకాయన వచ్చినాడు. నిచ్చెన ఇడిసిపెట్టి లోపలికి పోయినా. గుండీలు చూపిస్తాండా ఆయప్పకు. వీడు పైనుంచి ‘కరీమూ, పట్టుకున్నావా’ అని అడిగినాడు. అంగట్లోంచి నేనే అన్నా, ‘పట్టుకున్నా, ఎక్కు’ అని.”